వెన్ను నిమిరిన చేతుల కథ

నడుము పట్టేస్తే మన ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు వీధిలో ఎవరున్నారా అని వెతుకుతాం. వాళ్ళచేత నడుము మీద మెల్లిగా తన్నించుకుంటే పట్టు వదులుతుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. నా చిన్నతనంలో మా వీధి చివరింట్లో అలాంటి కుర్రాడొకడు ఉండేవాడు. పొద్దున్నే ఎవరో ఒకరు, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, వంగినవాళ్ళు వంగినట్టే వాళ్ళ గుమ్మంలో నిలబడేవారు. వాడు పళ్ళు తోముకుంటూ వచ్చి, పెద్దవాళ్ళను తన్నడానికి సిగ్గుపడుతూ, కాలు ఆనించీ ఆనించకుండా తన్ని వెళ్ళేవాడు. వాడికి బెల్లం ముక్కో, పావలా కాసో ముట్టేది.

ఇదంతా మన చాదస్తమే అని చాలాకాలం నవ్వుకున్నాను. కాదండీ. స్కాట్లండు ఈశాన్య పల్లెల్లో కూడా సరిగ్గా ఇదే నమ్మకం ఉండేదట. 1881లో అచ్చయిన అక్కడి జానపద ఆచారాల పుస్తకం ఒకటి, కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు నడుమునొప్పినీ బెణుకులనూ తొక్కి పోగొట్టగలరని అక్కడివాళ్ళు నమ్మేవారని చెబుతుంది. మనకూ వాళ్ళకూ రాకపోకలేమీ లేకుండానే ఒకే మాట రెండుచోట్లా ఎలా పుట్టిందో గాని, నొప్పిగా ఉన్నచోట ఇంకొకరి చెయ్యో కాలో పడాలన్న కోరిక మాత్రం అందరిదీనూ.

ఈ సంగతులన్నీ నేను తవ్వుకోవడానికి కారణం మా పెద్దక్కయ్య. ఆవిడకు 58 ఏళ్ళు. ఎముకలు పలచబడ్డాయని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆరు నెలలుగా నడుము నొప్పి. వాళ్ళబ్బాయి ఫోనులో వీడియోలు చూపించాడు. ఒకాయన మనిషిని బల్లమీద పడుకోబెట్టి, మెడ అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పుతాడు, ఫట్‌ఫట్‌మని చప్పుడు, మనిషి లేచి నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. దాన్ని కైరోప్రాక్టిక్ అంటారు. మన ఊళ్ళో కూడా చేసేవాళ్ళు వచ్చారట, పోదాం తోడు రావే అని అక్కయ్య నన్ను అడిగింది. నేను పదో తరగతితో చదువు ఆగినదాన్ని. వద్దు అనడానికీ, సరే అనడానికీ నా దగ్గర ఏముంది? నాలుగు రోజులు ఆగు, చదివి చెబుతానన్నాను. ఆ నాలుగు రోజులు రెండు నెలలయ్యాయి. చదివిందంతా అక్కయ్యకు చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తొలగిన ఎముకలను సర్దే విద్య డాక్టర్లకంటె పాతది. తిరుపతి దగ్గర పుత్తూరు కట్టు గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆకుపసరూ, కోడిగుడ్డు తెల్లసొనా పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగిస్తారు. ఇంగ్లండులోనూ ఇలాంటి కుటుంబాలు ఉండేవి. తండ్రి చేతి ఒడుపు కొడుక్కి వచ్చేది, ఒక్కొక్కసారి కూతురికి కూడా.

అలా వచ్చిన కూతురే సారా మాప్. ఆమె పేరు మన స్త్రీలందరూ ఒకసారి వినాలి. 1736 నాటి మాట. తండ్రి దగ్గరే ఎముకలు సర్దడం నేర్చుకుంది. లావుపాటి మనిషి, గట్టి నోరు. తనను తానే పిచ్చి శాలీ అని చెప్పుకునేది. లండనుకు దగ్గర్లో ఎప్సమ్ అనే ఊళ్ళో ఉండేది. గుర్రప్పందాలకని అక్కడికి వచ్చే జనం పడటాలూ, విరగ్గొట్టుకోవడాలూ మామూలే గనక ఆమెకు చేతినిండా పని. ఆమె ఊరు వదిలి వెళ్ళిపోకుండా ఉండటానికి ఏడాదికి 100 గినీలిస్తామని ఎప్సమ్ వాళ్ళు ముందుకొచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. తరవాత నాలుగు గుర్రాల బండి కట్టించుకుని వారానికి రెండుసార్లు లండను వెళ్ళి, అక్కడొక కాఫీ హోటల్లో రోగుల్ని చూసేది. పేరుమోసిన వైద్యుడు సర్ హాన్స్ స్లోన్ మేనకోడలి వెన్ను కూడా సర్దిందంటారు. చూడండి, రాజుగారి వైద్యుడి ఇంటి పిల్ల ఒక పల్లెటూరి ఆడమనిషి చేతి కిందికి వచ్చింది! పర్సివల్ పాట్ అనే పెద్ద సర్జన్ ఆమెను ఏమీ తెలియని మూర్ఖురాలని ఈసడించాడు. హోగార్త్ అనే చిత్రకారుడు నకిలీ వైద్యుల గుంపును వేళాకోళం చేస్తూ వేసిన బొమ్మలో ఆమెను అందరికంటె పైన నిలబెట్టి, చేతిలో ఒక ఎముక పెట్టాడు. ఇంత వెలిగిన మనిషీ 1737లో లండనులో దిక్కులేకుండా చనిపోయింది. కీర్తి ఏడాదిన్నరైనా నిలవలేదు.

ఆమెను అంతగా ఈసడించారు గదా, మరి డాక్టర్ల చేతిలో నయంకాని బెణుకులు ఈ కట్టుకట్టేవాళ్ళ చేతిలో ఎలా నయమయ్యేవి? ఈ ప్రశ్న వేసుకున్న పెద్దమనిషి మరో 130 ఏళ్ళ తరవాత గాని రాలేదు. 1867లో సర్ జేమ్స్ పేజెట్ అనే సర్జన్, ఈ ఎముకలు సర్దేవాళ్ళు నయంచేసే కేసుల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మీలో చాలామందికి ఇలాంటివాళ్ళు పోటీ వస్తారు, వాళ్ళ చేతిలో చెడిపోయిన కేసులే చెప్పుకుంటూ కూర్చోకండి, బాగుపడినవి ఎందుకు బాగుపడ్డాయో చూసి నేర్చుకోండి అన్నది అందులోని సారాంశం. అదీ పెద్దరికం అంటే.

లివర్‌పూల్‌లో ఇవాన్ టామస్ అని ఎముకలు సర్దే ఆయన ఉండేవాడు. డాక్టర్లు ఆయనమీద మాటిమాటికీ కేసులు వేయించేవారు. విసిగిపోయి, ఈ గొడవ తన పిల్లలకు ఉండకూడదని అయిదుగురు కొడుకులనూ డాక్టరీ చదివించాడు. వాళ్ళలో హ్యూ ఓవెన్ టామస్ అనే ఆయన తండ్రి చేతి విద్యనూ కాలేజీ చదువునూ కలిపాడు. ఆదివారం పూట బీదలకు ఉచితంగా వైద్యం చేసేవాడు. తొడ ఎముక విరిగినా కీలు చెడినా కాలు కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం ఒకటి తయారుచేశాడు. ఆయన 1891లో పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్ని సైనికాసుపత్రుల్లోకి తెచ్చాక, తొడ విరిగి ప్రాణాలు పోగొట్టుకోవలసిన ఎంతోమంది సైనికులు బతికి బయటపడ్డారు. టామస్ స్ప్లింట్ అంటే ఈనాటికీ మన ఆసుపత్రుల్లో ఎముకల వార్డు నర్సుకు తెలుసు. నాటువైద్యుడి కొడుకు పేరు అది.

ఇక అసలు కథలోకి వస్తాను. ఇది రెండు ఊళ్ళ కథ. ఒకటి 1894లో లండనులో, రెండోది 1895లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్టు అనే ఊళ్ళో మొదలయింది. మధ్య ఒక్క ఏడాదే తేడా. రెండూ చేతులతో చేసే వైద్యమే. కాని వెళ్ళిన దారులు రెండూ రెండు దిక్కులు.

ముందు లండను సంగతి. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ అనే కత్తిసాము గురువు 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం పెట్టాడు. వ్యాయామంతోనూ, మర్దనాతోనూ జబ్బులకు ఉపశమనం ఇవ్వవచ్చని అక్కడ నేర్పేవారు. ఆ విద్య యూరపంతా పాకి లండను చేరింది. నర్సులూ మంత్రసానులూ నేర్చుకుని రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసేవారు. కాని 1894లో బ్రిటిషు వైద్యుల పత్రిక ఒక విషయం బయటపెట్టింది. మర్దనా పేరుతో బోర్డులు కట్టి కొన్ని ఇళ్ళలో వేరే వ్యాపారం నడుపుతున్నారని. దాంతో నిజంగా ఒళ్ళుపట్టి బతికే మర్యాదస్తురాళ్ళకు తల ఎత్తుకోలేని పరిస్థితి వచ్చింది. ఏ ఇంటికి వెళ్ళినా అనుమానపు చూపే.

అప్పుడు లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు కూడబలుక్కుని ఒక సంఘం పెట్టారు. శిక్షణ పొందిన మర్దనాకారిణుల సంఘం అన్నమాట. కట్టుబాట్లు ఎంత గట్టిగా పెట్టుకున్నారో చూడండి. డాక్టరు చెప్పనిదే ఎవరికీ మర్దనా చెయ్యకూడదు. మగవాళ్ళకు, డాక్టరు ప్రత్యేకంగా అడిగిన అవసరపు కేసుల్లో తప్ప, చెయ్యకూడదు. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటన ఇవ్వకూడదు. రోగులకు మందులు అమ్మకూడదు. పరీక్ష పెట్టి, శరీర నిర్మాణం తెలిసినవాళ్ళకే సర్టిఫికెట్టు ఇచ్చేవారు.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం రోషం కూడా వచ్చింది. ఎవరో తప్పు చేస్తే మంచివాళ్ళు తలవంచుకుని ఇన్ని కట్లు వేసుకోవడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు గదా. కాని వాళ్ళు తెలివైనవాళ్ళు. తలవంచి లోపలికి వెళ్ళారు. 1914లో యుద్ధం రాగానే 50 మంది మర్దనాకారిణులతో ఒక దళం సైనికాసుపత్రులకు బయలుదేరింది. మగవాళ్ళను ముట్టుకోకూడదన్న నియమం ఏమయిందని అడక్కండి. గాయపడినవాళ్ళు వేలమంది వచ్చిపడితే నియమాలు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. కుంటుతూ వచ్చిన సైనికులు నడిచి వెళ్ళడం డాక్టర్లు కళ్ళారా చూశారు. 1920లో ఆ సంఘానికి రాజముద్రతో గుర్తింపు వచ్చింది. 1944లో పేరు మారింది. ఆ కొత్త పేరే మనకందరికీ తెలిసిన ఫిజియోథెరపీ. రోజలిండ్ పేజెట్‌కు 1935లో డేమ్ బిరుదు ఇచ్చారు. ఇంత అయినా, డాక్టరు చెప్పినట్టే చెయ్యాలన్న కట్టు వదులుకుని, రోగికి ఏ చికిత్స చెయ్యాలో తామే నిర్ణయించుకునే హక్కు బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులకు 1977లో గాని రాలేదు. లెక్కపెట్టుకోండి, 83 ఏళ్ళు.

మన దేశంలోకి ఆ విద్య పోలియోతో పాటు వచ్చింది. 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో పిల్లల కోసమని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల పెట్టారు. ఇప్పుడు మన పట్టణాల్లో ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఆ గది ఉంది. ఆ గదిలో పనిచేస్తున్న అమ్మాయిల్లో ఎంతమందికి ఆ నలుగురి పేర్లు తెలుసో!

ఇప్పుడు డావెన్‌పోర్టు వెళదాం. అక్కడ డేనియల్ డేవిడ్ పామర్ అని ఒకాయన. కెనడాలో పుట్టాడు. బడిపంతులుగా చేశాడు, తేనెటీగలు పెంచాడు, కిరాణా కొట్టు పెట్టాడు, బంగారు చేపలు అమ్మాడు. చివరికి చేతులతో అయస్కాంత శక్తి పంపి జబ్బులు నయంచేస్తానని బోర్డు కట్టాడు. అప్పటి అమెరికాలో డాక్టర్ల పరిస్థితి ఏమంత గొప్పగా లేదు లెండి. పాదరసం మందులు, రక్తం తీయడాలు అప్పటికి ఇంకా జ్ఞాపకంలోంచి పోలేదు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు 1864లో మెదడు పొరల వాపుతో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని, తెలిసిన మందులేవీ కాపాడలేకపోయాయని మందులమీదే విరక్తి పెంచుకున్నాడు. ఎముకలనూ కండరాలనూ చేతులతో సర్దే ఆస్టియోపతీ అనే పద్ధతి పెట్టి, 1892లో మిస్సోరీలో కాలేజీ తెరిచాడు. మొదటి తరగతిలోనే ఆడవాళ్ళను చేర్చుకున్నాడు. ఆ తండ్రి బాధ నాకు అర్థమవుతుంది. మందుమీద నమ్మకం పోయినవాళ్ళు అప్పుడు ఎందరో. పామర్ గుమ్మంలో నిలబడ్డ జనం వాళ్ళే.

పామర్ ఉన్న మేడలో ఊడ్చి తుడిచే పనిచేసే హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి మనిషి ఒకరు ఉండేవారు. 17 ఏళ్ళుగా సరిగా వినపడదు. ఒకసారి వంగి ఏదో చేస్తుండగా వీపులో ఏదో కలుక్కుమని, అప్పట్నించీ చెవుడు వచ్చిందని చెప్పాడట. 1895 సెప్టెంబరులో పామర్ అతని వీపు తడిమి, ఒక వెన్నుపూస ఉబ్బెత్తుగా ఉందని, చేత్తో ఒక్క నెట్టు నెట్టాడు. వెంటనే వీధిలో బండి చక్రాల చప్పుడు వినపడిందన్నాడు లిల్లార్డ్. పామర్ చెప్పిన కథ ఇది. లిల్లార్డ్ కూతురు తరవాత చెప్పిన కథ వేరు. వాళ్ళ నాన్న వరండాలో ఎవరితోనో హాస్యాలాడుతుంటే పామర్ విని, నవ్వుతూ చేతిలో పుస్తకంతో వీపుమీద ఒక్క చరుపు చరిచాడనీ, ఆ తరవాత వినికిడి మెరుగైందనీ ఆమె మాట. ఏది నిజమైనా ఒక చిక్కుంది. చెవి నుంచి వెళ్ళే నరం పుర్రెలోపలే మెదడును చేరుతుంది, వీపులోకి దిగదు. మరి వీపు నొక్కితే చెవుడు ఎలా పోతుంది?

పామర్ ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు. ఆయన దగ్గరికి వచ్చే ఒక పాస్టరుగారు గ్రీకు మాటలు రెండు కలిపి పేరు పెట్టి ఇచ్చారు. కైరోప్రాక్టిక్, అంటే చేత్తో చేసే పని. 1897లో బడి తెరిచాడు. నూటికి 95 జబ్బులు వెన్నుపూస పక్కకు జరగడంవల్లే వస్తాయని రాశాడు. టీకాలు వద్దన్నాడు. ఇక్కడే నాకు ఆయనమీద కోపం వస్తుంది. నడుము నొప్పికి చెయ్యి వెయ్యండి, ఎవరు వద్దన్నారు? పసిపిల్లల టీకాల జోలికెందుకు?

లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో పామర్‌కు శిక్ష పడింది. జరిమానా కట్టనని మొండికేసి కొన్నాళ్ళు జైల్లో కూర్చుని, చివరికి కట్టి బయటికొచ్చాడు. బడి కొడుకు చేతికి పోయింది. తండ్రీకొడుకులకు పడలేదు. 1913లో ఒక ఊరేగింపులో కొడుకు కారు తండ్రికి తగిలిందని కొందరూ, లేదని కొందరూ గోల చేశారు. అదే ఏడాది పామర్ కాలం చేశాడు. మరణ పత్రంలో టైఫాయిడ్ అని ఉంది. కొడుకుమీద నేరం ఏదీ రుజువు కాలేదు.

ఆ కొడుకు బార్ట్‌లెట్ జాషువా పామర్. మనిషి వ్యాపారంలో దిట్ట. కాని ఆ బడికి శాస్త్రం ముఖం కాస్తయినా కనిపించిందంటే అది ఆయన భార్య మేబెల్ వల్ల. ఆమె శరీర నిర్మాణం చదువుకుని వచ్చి ఏళ్ళ తరబడి ఆ బళ్ళో అదే పాఠం చెప్పింది, 1918లో పుస్తకం కూడా రాసింది. భర్త వేదికమీద ఉంటే ఆమె తరగతిలో ఉండేది. మీకు తెలియని సంసారం కాదు.

మైకు ముందు కూర్చునేదాన్ని గనక ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. రేడియో పుట్టిన కొత్తలోనే, 1922లో, ఆయన ఒక రేడియో స్టేషను కొని తన బడి మేడమీద పెట్టాడు. పాటలూ, కబుర్లూ, మధ్యలో వెన్నుపూసల మహత్యం! తరవాత అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ 1932లో ఆటల వ్యాఖ్యాతగా గొంతు విప్పింది ఆ స్టేషన్లోనే. ఇప్పుడు మా అక్కయ్య ఫోనులో చూసిన వీడియోలకు తాతగారు ఆ రేడియోయే అనుకుంటాను.

జైళ్ళు మాత్రం ఆగలేదు. వందల కొద్దీ కైరోప్రాక్టర్లు లోపలికి వెళ్ళివచ్చారు. 1913లో కాన్సస్ రాష్ట్రం మొదట చట్టం చేసి లైసెన్సు ఇచ్చింది. అన్నిటికంటె చివర లూసియానా, 1974లో. ఈలోగా అమెరికా డాక్టర్ల సంఘం 1963లో ఒక కమిటీ వేసింది. ఆ విద్యను ముందు కట్టడి చేసి, తరవాత లేకుండా చెయ్యాలని దాని పని. కైరోప్రాక్టర్ దగ్గరికి రోగిని పంపినా, అతను పంపిన రోగిని చూసినా డాక్టరుకు అది నీతిబాహ్యం అన్నారు. ఒక రోగి ఎక్స్‌రే కూడా ఇచ్చిపుచ్చుకోరాదు. ఇక రోగి గతి ఏమిటి? ఇద్దరి మధ్యా చెప్పుకోలేక నలిగిపోవడమే.

1976లో చెస్టర్ విల్క్ అనే కైరోప్రాక్టరూ, ఇంకొందరూ కలిసి షికాగోలో దావా వేశారు. 1981లో ఓడిపోయారు. అప్పీలులో మళ్ళీ విచారణ జరపమన్నారు. ఈసారి తీర్పు చెప్పింది సుసాన్ గెట్‌జెండానర్ అనే స్త్రీ న్యాయమూర్తి. 1987లో ఆమె ఇచ్చిన తీర్పు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. డాక్టర్ల సంఘం కూడబలుక్కుని ఒక వృత్తిని వెలివెయ్యడం చట్టవిరుద్ధం అంది. అలాగని ఆ విద్య శాస్త్రీయమని తాను తేల్చడం లేదని కూడా స్పష్టంగా చెప్పింది. అన్నదమ్ముల తగువులో, నువ్వు వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం తప్పు, వాడు చెప్పేదంతా నిజమని మాత్రం నేననడం లేదు అన్న తల్లిలాగ ఉంది. 1990లో పై కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఇంగ్లండులో ఈ విద్యకు పార్లమెంటు చట్టం 1994లో వచ్చింది. ఆ నలుగురు స్త్రీలు సంఘం పెట్టిన నూరేళ్ళకు.

మరి ఆ ఫట్‌మనే చప్పుడేమిటి? ఎముక చోటికి వచ్చి కూర్చున్న చప్పుడని మనం అనుకుంటాం. కాదు. కీళ్ళ మధ్య నూనెలాంటి ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారి లాగితే ఆ ద్రవంలో గాలిబుడగ లాంటి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టాలో ఒకాయన వేళ్ళు లాగుతూ ఎం.ఆర్.ఐ. తీసి ఇది చూశారు. పిల్లలకు దిష్టి తీసి మనం కణతల దగ్గర మెటికలు విరుస్తామే, అదే చప్పుడు. కాలిఫోర్నియాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టరుకు, మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని తల్లీ, పిన్నులూ, తరవాత అత్తగారూ కూడా చెప్పేవారట. తేల్చుకుందామని ఆయన 50 ఏళ్ళకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే రోజుకు రెండుసార్లు విరిచి, కుడిచెయ్యి వదిలేశాడు. 1998లో రెండు చేతులూ చూస్తే దేనికీ వాతం లేదు. అత్తగారు ఏమన్నారో రాయలేదు.

కాబట్టి చప్పుడు వైద్యం కాదు. కాని చెయ్యి వైద్యం కాదని నేననను. 2017లో అమెరికా ఫిజిషియన్ల కాలేజీ ఇచ్చిన సలహాలో, కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మాత్రలకంటె ముందు వేడి కాపడం, మర్దనా, వెన్ను సర్దడం వంటివి చూడమన్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎడతెగని నడుము నొప్పికి ఇచ్చిన సూచనల్లో కూడా వ్యాయామంతో పాటు వెన్ను సర్దడానికీ మర్దనాకూ చోటుంది. ఉపశమనం మిగతా పద్ధతులంతే, మాయ ఏమీ లేదు. చెవుడుకూ, ఉబ్బసానికీ, పసిపిల్లల ఏడుపుకూ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఆ విద్యలో కూడా ఇప్పుడు అన్నీ ఫట్‌మనిపించే పద్ధతులు కావు. నడుము దగ్గర కిందికి జారే బల్లతో చేసేవి, మెల్లగా సాగదీసేవి, చిన్న స్ప్రింగు పరికరంతో తట్టేవి ఉన్నాయి. భయపడవలసింది మెడ విషయంలో. మెడపూసల సందుల్లోంచి మెదడుకు రెండు రక్తనాళాలు వెళతాయి. మెడను ఒక్క ఊపులో తిప్పితే ఎప్పుడో ఒకసారి, అరుదుగానే, వాటి గోడ చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. క్షౌరం అయ్యాక తల పట్టుకుని మెడ విరిచే అలవాటు మన మగవాళ్ళకుంది. మా దగ్గరి బంధువు ఒకాయన అలాగే విరిపించుకుని మూడు వారాలు చెయ్యి తిమ్మిరితో తిరిగాడు. మీ ఇంట్లో మగవాళ్ళకు చెప్పండి, వినకపోతే రెండుసార్లు చెప్పండి.

ఎముకలు పలచబడినవాళ్ళు గట్టిగా నెట్టించుకోకూడదు, పూస నలిగిపోతుంది. ముట్లుడిగిన మనందరికీ ఇది వర్తించవచ్చు. నడుము నొప్పితో పాటు కాళ్ళు చచ్చుబడటం, ఒంటికి రెంటికి పట్టు తప్పడం, జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం ఉంటేనూ, పడిన తరవాత వచ్చిన నొప్పి అయితేనూ, ఎవరి చేతి కిందికీ వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ చెప్పేసరికి అక్కయ్య అలిగింది. ఇంత చదివి నువ్వు నాకు చెప్పేది వద్దనేగా అంది. వద్దనలేదే, నీ ఎముకల రిపోర్టు చూసి, అడిగి, అప్పుడు చెయ్యి వేసేవాళ్ళ దగ్గరికి పోదామన్నానే అని ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదికి తీసుకెళ్ళాను. పాతికేళ్ళ పిల్ల. రిపోర్టంతా చదివింది. అక్కయ్యను కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమంది. బిందె ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచాలని చేసి చూపించింది. మూడో వారం నుంచి వీపుమీద చెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టింది. చప్పుడేమీ రాలేదని అక్కయ్యకు కొంత అసంతృప్తి.

నొప్పి పూర్తిగా పోలేదు. సగానికి తగ్గింది. మనవణ్ణి ఎత్తుకోవడం లేదు గాని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడుతోంది. మొన్న ఫోను చేసి, మన వీధి చివర ఎదురుకాళ్ళతో పుట్టిన కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడే అని అడిగింది. కనుక్కున్నాను. హైదరాబాదులో బ్యాంకులో పనిచేస్తున్నాడట. రోజంతా కుర్చీలో కూర్చుని కూర్చుని ఆయనకే నడుము నొప్పిట, బెల్టు పెట్టుకుని ఆఫీసుకు వెళుతున్నాడట.